అరచేతిలో ఇమిడే నావిక్ ఎస్‌-బ్యాండ్ యాంటెన్నా: ప్యాచ్ నుంచి పవర్ డివైడర్ దాకా

యాంటెన్నా బోర్డును వీఎన్ఏకి (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ వెనక్కి వస్తుందో, ఎంత దాటుతుందో కొలిచే పరికరం) తగిలించగానే ఎస్11 గీత (వెనక్కి వచ్చిన సిగ్నల్ కొలత, ఎంత కిందికి ఉంటే అంత మంచిది) మైనస్ 22 డీబీ దగ్గర కూర్చుంది. ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గరే అనుకునేరు, అటూ ఇటూ 100 మెగాహెర్ట్జ్ మేర అలాగే ఉంది. చాలా సంతోషపడ్డాను. సాయంత్రం డాబా మీదికి తీసుకెళ్లి రిసీవర్‌కి కలిపితే సిగ్నల్ రావాల్సిన దానికంటే 5 డీబీ తక్కువ వచ్చింది. రెండు రోజులు యాంప్లిఫయర్‌ని అనుమానించాను, కేబుల్ మార్చాను, టంకాలన్నీ మళ్లీ వేశాను. చివరికి తేలింది ఏమిటంటే, ప్యాచ్ (సిగ్నల్ పట్టే రాగి పలక) అసలు ఫ్రీక్వెన్సీకి 60 మెగాహెర్ట్జ్ కింద పలుకుతోంది. ప్యాచ్ వెనక్కి కొట్టిన శక్తి వీఎన్ఏ దాకా రాకుండా, సిగ్నల్‌ని రెండు భాగాలుగా పంచే పవర్ డివైడర్‌లో ఉన్న 100 ఓమ్ రెసిస్టరే మింగేస్తోంది. అందుకే గీత అంత అందంగా కనిపించింది.

ఈ మార్గదర్శి రాయడానికి కారణం అదే. యాంటెన్నా, పవర్ డివైడర్ రెండూ కలిపి చేసే పనిలో లెక్కలు కష్టమేమీ కాదు. దేన్ని విడిగా కొలవాలి, దేన్ని చూసి మోసపోకూడదు అన్నదే అసలు విషయం. ఒక నిజమైన పని పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్దాం.

ఏం చేయబోతున్నాం

మన దేశపు నావిగేషన్ వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలు ఎల్5 (1176.45 మెగాహెర్ట్జ్), ఎస్ (2492.028 మెగాహెర్ట్జ్) బ్యాండ్లలో సిగ్నల్ పంపుతాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్‌-01తో ఎల్1 (1575.42 మెగాహెర్ట్జ్) కూడా చేరింది. నేర్చుకోవడానికి నేను ఎస్ బ్యాండ్‌నే ఎంచుకుంటాను. గాజు నార, ఎపాక్సీతో చేసే మామూలు ఎఫ్ఆర్‌4 బోర్డు మీద ఎల్5 ప్యాచ్ పక్క కొలత సుమారు 60 మిల్లీమీటర్లు అవుతుంది, ఎస్ బ్యాండ్‌లో అందులో సగమే. చేతిలో పట్టుకుని, చాకుతో అంచు గీకి సరిచేసుకోవచ్చు.

సిగ్నల్ రైట్ హ్యాండ్ సర్క్యులర్ పోలరైజేషన్‌లో వస్తుంది, అంటే దాని విద్యుత్ క్షేత్రం ఒకే దిశలో గుండ్రంగా తిరుగుతూ ముందుకు వస్తుంది. కావలసిన బ్యాండ్ 2483.5 నుంచి 2500 మెగాహెర్ట్జ్, అంటే 16.5 మెగాహెర్ట్జ్ వెడల్పు. నేలకు చేరేసరికి దాని బలం సుమారు మైనస్ 130 డీబీఎం, గదిలో ఉండే థర్మల్ నాయిస్ కంటే కూడా తక్కువ. కాబట్టి ప్రతి అర డీబీ విలువైనదే.

కట్టుబడి ఇలా ఉంటుంది: పైన ఒక చదరపు ప్యాచ్, మధ్యలో గ్రౌండ్, కింద ఇంకో బోర్డు మీద పవర్ డివైడర్. డివైడర్ రెండు చివరల నుంచి రెండు పిన్నులు గ్రౌండ్‌ని తాకకుండా పైకి వెళ్లి ప్యాచ్‌కి అతుక్కుంటాయి. ఒక పిన్నుకి సిగ్నల్ 90 డిగ్రీలు ఆలస్యంగా అందితే సర్క్యులర్ పోలరైజేషన్ వస్తుంది. ఒకే ఫీడ్ (సిగ్నల్ ఇచ్చే చోటు) పెట్టి ప్యాచ్ మూలలు కత్తిరించినా ఈ పోలరైజేషన్ వస్తుంది కానీ, అది ఫ్రీక్వెన్సీలో ఒక శాతం మేరకే నిలుస్తుంది. చేత్తో చేసే బోర్డుల్లో అంత సన్నని కిటికీకి గురి కుదరడం కష్టం. రెండు ఫీడ్‌ల పద్ధతి చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది.

మెట్టు 1: బోర్డు, దాని అసలు స్థిరాంకం

మొదటి బోర్డు 1.6 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్‌4 మీద చేయండి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పాడైనా బాధ ఉండదు. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (బోర్డులో తరంగం ఎంత పొట్టిదవుతుందో నిర్ణయించే అంకె) 4.4, లాస్ టాంజెంట్ (బోర్డు సిగ్నల్‌ని ఎంత వేడిగా పోగొడుతుందో చెప్పే అంకె) 0.02 అని పెట్టుకుని లెక్క మొదలుపెడతాం. అయితే ఇది తుది యాంటెన్నాకి తగిన పదార్థం కాదు. ఈ కొలతలతో లెక్క వేస్తే ఎఫ్ఆర్‌4 ప్యాచ్ సామర్థ్యం 35 శాతం దరిదాపుల్లోనే ఆగుతుంది, మిగతాదంతా బోర్డులో వేడిగా పోతుంది. అదే రోజర్స్ ఆర్వో4003సీ (1.524 మిల్లీమీటర్లు, లాస్ టాంజెంట్ 0.0027) మీద 75 శాతం దాటుతుంది. పని నేర్చుకోవడానికి ఎఫ్ఆర్‌4, ఆకాశంలోకి చూడటానికి ఆర్వో4003సీ అని నా లెక్క.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. ఈ రకం బోర్డుల డేటాషీట్‌లో రెండు స్థిరాంకాలు ఉంటాయి. ఆర్వో4003సీ విషయంలో ప్రాసెస్ విలువ 3.38, డిజైన్ విలువ 3.55. సర్క్యూట్ గీసేటప్పుడు వాడాల్సింది రెండోది. మొదటిది వాడితే ఫ్రీక్వెన్సీ రెండున్నర శాతం, అంటే దాదాపు 60 మెగాహెర్ట్జ్ పక్కకు పోతుంది. నా బోర్డులో జరిగింది సరిగ్గా ఇదే.

ఎఫ్ఆర్‌4లో అయితే షీటుకీ షీటుకీ తేడా ఉంటుంది. అందుకని ముందు ఒక రింగ్ రెసొనేటర్ చేసి కొలుచుకోండి. 3.06 మిల్లీమీటర్ల వెడల్పు గీతతో, సగటు వ్యాసార్ధం 10.5 మిల్లీమీటర్లు ఉండేలా ఒక వలయం గీయండి. రెండు వైపులా అర మిల్లీమీటర్ ఖాళీ వదిలి ఫీడ్ లైన్లు పెట్టండి. వీఎన్ఏలో ఎస్21 (ఒక వైపు నుంచి రెండో వైపుకి దాటిన సిగ్నల్) శిఖరం ఎక్కడ వచ్చిందో చూడండి. వలయం చుట్టుకొలత ఆ ఫ్రీక్వెన్సీకి ఒక పూర్తి తరంగదైర్ఘ్యం. గాలిలో తరంగదైర్ఘ్యాన్ని ఈ చుట్టుకొలతతో భాగించి వర్గం చేస్తే ఎఫెక్టివ్ స్థిరాంకం (గీతకి బోర్డు, గాలి కలిసి ఇచ్చేది) వస్తుంది. స్థిరాంకం 4.4, మందం 1.6 అయితే అది 3.33 దగ్గర ఉండాలి, శిఖరం 2.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రావాలి. తేడా వస్తే ఇకపై లెక్కలన్నిట్లో మీ అంకెనే వాడండి. ఈ పనికి ఒక పూట పడుతుంది కానీ, వారం రోజుల టెన్షన్ తప్పుతుంది.

మెట్టు 2: ప్యాచ్ కొలతలు

2492 మెగాహెర్ట్జ్‌కి గాలిలో తరంగదైర్ఘ్యం 120.3 మిల్లీమీటర్లు, సగం 60.15. ప్యాచ్ కింద పూర్తిగా బోర్డు, పైన గాలి ఉంటాయి కాబట్టి రెండిటికీ మధ్యస్థమైన స్థిరాంకం కావాలి. స్థిరాంకానికి 1 కలిపి సగం చేస్తే 2.7. స్థిరాంకంలోంచి 1 తీసి సగం చేస్తే 1.7. ఈ 1.7ని (1 + 12 × మందం ÷ ప్యాచ్ పక్క) వర్గమూలంతో భాగించి 2.7కి కలపాలి. పక్క 28.5 మిల్లీమీటర్లు అనుకుంటే 4.01 వస్తుంది, దాని వర్గమూలం 2.0. అంటే పొడవు 60.15 ÷ 2.0, సుమారు 30 మిల్లీమీటర్లు.

విద్యుత్ క్షేత్రం ప్యాచ్ అంచు దగ్గర ఆగదు, రెండు వైపులా కాస్త పొంగుతుంది. ఈ మందానికి ఒక్కో వైపు 0.73 మిల్లీమీటర్లు. రెండు వైపులదీ తీసేస్తే 28.5 మిల్లీమీటర్లు మిగులుతుంది. మనం పక్క అనుకున్నదీ అదే కాబట్టి లెక్క కుదిరింది. ఆర్వో4003సీ మీద ఇదే లెక్క 31.7 మిల్లీమీటర్లు ఇస్తుంది. గ్రౌండ్ ప్యాచ్ కంటే చుట్టూ కనీసం మందానికి ఆరు రెట్లు ఎక్కువ ఉండాలి. అంటే ఎఫ్ఆర్‌4కి 50 మిల్లీమీటర్ల చదరం చాలు.

ఒక అంకె గుర్తుంచుకోండి: పక్క కొలతలో 0.1 మిల్లీమీటర్ తేడా వస్తే ఫ్రీక్వెన్సీ దాదాపు 9 మెగాహెర్ట్జ్ జరుగుతుంది. మన బ్యాండ్ మొత్తం 16.5 మాత్రమే. ఎఫ్ఆర్‌4 ప్యాచ్‌కి నష్టాల పుణ్యమా అని 55 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, ఆర్వో4003సీకి అందులో సగమే. మంచి పదార్థానికి వెళ్లేకొద్దీ కొలతల మీద శ్రద్ధ రెట్టింపు కావాలి.

ఈ ప్యాచ్‌ని ఇంకా చిన్నది చేయొచ్చా? చేయొచ్చు. నాలుగు పక్కల మధ్యలోంచి లోపలికి సన్నని చీలికలు పెడితే కరెంటు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వస్తుంది, ఫ్రీక్వెన్సీ దిగుతుంది, ఆ మేరకు ప్యాచ్‌ని తగ్గించవచ్చు. నాలుగూ ఒకే కొలతలో ఉండాలి, లేకపోతే సర్క్యులర్ పోలరైజేషన్ చెడుతుంది. కానీ యాంటెన్నాని కుదించేకొద్దీ బ్యాండ్‌విడ్త్, సామర్థ్యం రెండింటిలో ఏదో ఒకటి పోతుంది. ఇంజనీరు ఎల్.జె. చూ 1948లోనే ఈ హద్దుని లెక్కగట్టి చూపించాడు. ఎంత తెలివిగా గీసినా దాన్ని దాటలేం. అందుకే నా సలహా: ప్యాచ్‌ని వదిలేయండి, డివైడర్‌ని కుదించండి. డివైడర్ ప్రసారం చేయదు కాబట్టి దానికి ఆ హద్దు లేదు.

మెట్టు 3: పిన్నులు ఎక్కడ

ప్యాచ్ అంచు దగ్గర రెసిస్టెన్స్ ఎఫ్ఆర్‌4 నష్టాలతో కలిపి 175 ఓమ్స్ వరకు ఉంటుంది, సరిగ్గా మధ్యలో సున్నా. ఈ రెండిటి నడుమ ఎక్కడో 50 ఓమ్స్ దొరుకుతుంది. ఈ కొలతలకు అది కేంద్రం నుంచి 5.1 మిల్లీమీటర్లు. ఒక పిన్ను కేంద్రం నుంచి కుడివైపు, ఇంకోటి పైవైపు, రెండూ ఒకే దూరంలో. 0.8 మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతుంది. గ్రౌండ్‌లో దాని చుట్టూ 3 మిల్లీమీటర్ల వ్యాసంతో రాగి తీసేయండి. నష్టం తక్కువున్న బోర్డులో అంచు రెసిస్టెన్స్ పెరుగుతుంది కాబట్టి పిన్ను కేంద్రానికి ఇంకాస్త దగ్గరికి జరుగుతుంది. ఎంత జరపాలో సిమ్యులేషన్‌లో తేల్చుకోండి.

మెట్టు 4: విల్కిన్సన్ డివైడర్

1960లో ఎర్నెస్ట్ విల్కిన్సన్ ప్రచురించిన ఈ సర్క్యూట్‌లో ఉన్నవి మూడే: 50 ఓమ్ ప్రవేశం, అక్కడి నుంచి చీలే రెండు పావు తరంగదైర్ఘ్యపు చేతులు (ఒక్కోటి 70.7 ఓమ్స్), చేతుల చివరలను కలిపే 100 ఓమ్ రెసిస్టర్. రెండు చేతుల చివరలా సిగ్నల్ ఒకేలా ఉంటే రెసిస్టర్‌లో కరెంటు పారదు, నష్టం ఉండదు. రెండిటికీ తేడా వస్తే ఆ తేడాని రెసిస్టర్ తినేస్తుంది.

మన ఎఫ్ఆర్‌4 మీద 50 ఓమ్ గీత వెడల్పు 3.06 మిల్లీమీటర్లు, 70.7 ఓమ్ గీత 1.62 మిల్లీమీటర్లు, ఒక్కో చేతి పొడవు 16.9 మిల్లీమీటర్లు. కైక్యాడ్‌లో (సర్క్యూట్ బోర్డులు గీసే సాఫ్ట్‌వేర్) ఉన్న కాలిక్యులేటర్‌లో వేసినా ఇవే దగ్గరగా వస్తాయి. రెసిస్టర్ 0603 సైజు చిప్ వాడండి. కాళ్లున్న పాత రెసిస్టర్ ఇక్కడ పనికిరాదు, ఆ కాళ్లే ఈ ఫ్రీక్వెన్సీలో ఇండక్టర్లవుతాయి. చేతుల చివరలు ఒకదానికొకటి ఒక మిల్లీమీటర్ దూరంలోకి వచ్చేలా గీస్తే చిప్ సరిగ్గా కూర్చుంటుంది.

మెట్టు 5: చేతిని సగానికి కుదించడం

పావు తరంగదైర్ఘ్యపు గీతని చిన్నది చేయాలంటే దాన్ని సన్నం చేసి, రెండు చివరలా కొంచెం కెపాసిటెన్స్ తగిలించాలి. లెక్క చాలా సులువు. కొత్త గీత పొడవు డిగ్రీల్లో ఎంతో అనుకోండి. దాని ఇంపెడెన్స్ పాత ఇంపెడెన్స్‌ని ఆ కోణం సైన్‌తో భాగిస్తే వస్తుంది. ఒక్కో చివర సస్సెప్టెన్స్ (కెపాసిటెన్స్‌ని ఫ్రీక్వెన్సీతో, 2πతో గుణిస్తే వచ్చే అంకె) ఆ కోణం కొసైన్‌ని పాత ఇంపెడెన్స్‌తో భాగిస్తే వస్తుంది.

మనం 90 డిగ్రీల బదులు 45 డిగ్రీలు తీసుకుందాం. 70.7ని 0.707తో భాగిస్తే 100 ఓమ్స్. ఎఫ్ఆర్‌4 మీద దాని వెడల్పు 0.71 మిల్లీమీటర్లు, బోర్డులు తయారుచేసే మామూలు ఫ్యాబ్‌లో తేలిగ్గా వస్తుంది. పొడవు 8.6 మిల్లీమీటర్లు, పాతదానిలో సగం. చివరి కెపాసిటెన్స్ 0.64 పికోఫారడ్. ప్రవేశం దగ్గర రెండు చేతులవీ కలుస్తాయి కాబట్టి అక్కడ 1.28.

ఇంత చిన్న విలువకి చిప్ కెపాసిటర్ కొంటే దాని టాలరెన్సే 0.1 పికోఫారడ్ ఉండొచ్చు. అందుకని నేను ఓపెన్ స్టబ్ (కొస దేనికీ తగలకుండా వదిలేసిన పొట్టి గీత) వాడతాను. 50 ఓమ్ వెడల్పుతో ఒక్కో చేతి చివర 4.9 మిల్లీమీటర్ల స్టబ్, ప్రవేశం దగ్గర 8.2 మిల్లీమీటర్ల స్టబ్. తెరిచి ఉన్న కొస దగ్గర కూడా క్షేత్రం పొంగుతుంది కాబట్టి ఒక్కోదాన్లో 0.6 మిల్లీమీటర్లు తగ్గించి గీయండి: 4.3, 7.6. స్టబ్‌లు చేతుల మధ్య ఖాళీలోకి మడిస్తే అదనపు చోటు పట్టదు. అయితే స్టబ్‌కీ చేతికీ మధ్య కనీసం ఒకటిన్నర మందం దూరం ఉంచండి, లేకపోతే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ కుదింపుకి చెల్లించే ధర బ్యాండ్‌విడ్త్. మామూలు విల్కిన్సన్ కంటే సన్నబడుతుంది కానీ, మనకు కావలసిన 16.5 మెగాహెర్ట్జ్‌కి అది లెక్కలోకి రాదు.

కింది బోర్డుకి 0.8 మిల్లీమీటర్ల ఎఫ్ఆర్‌4 దొరికితే ఇంకా మంచిది, గీతల వెడల్పులన్నీ సగమవుతాయి. అప్పుడు పై అంకెలు మళ్లీ లెక్కేయాలి.

మెట్టు 6: ఏ పిన్ను ముందు, ఏది వెనక

ఒక చేతి చివర నుంచి నేరుగా పిన్నుకి, రెండో చేతి చివర నుంచి 16.5 మిల్లీమీటర్ల అదనపు 50 ఓమ్ గీత తర్వాత పిన్నుకి. ఈ అదనపు గీతే 90 డిగ్రీల ఆలస్యం. ఇందులో 1.8 మిల్లీమీటర్లు తప్పితే 10 డిగ్రీలు తప్పినట్టు. 10 డిగ్రీల తప్పుకి యాక్సియల్ రేషియో (తిరిగే క్షేత్రం ఎంత గుండ్రంగా ఉందో చెప్పే అంకె, సున్నా డీబీ అయితే పూర్తి వృత్తం) 1.5 డీబీకి చేరుతుంది. 3 డీబీ దాకా ఒప్పుకోవచ్చు కాబట్టి మరీ కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సింది దిశ గురించి. ప్యాచ్‌ని ముందు నుంచి చూస్తూ, కుడివైపు పిన్నుకి సిగ్నల్ ముందు, పైవైపు పిన్నుకి 90 డిగ్రీలు ఆలస్యంగా అందాలి. అప్పుడు క్షేత్రం కుడి నుంచి పైకి, అంటే మన వైపుకి వస్తూ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది. అదే రైట్ హ్యాండ్. కానీ డివైడర్ గీసేటప్పుడు మనం బోర్డుని వెనక నుంచి చూస్తుంటాం, కుడి ఎడమవుతుంది. ఆ తేడా మర్చిపోతే లెఫ్ట్ హ్యాండ్ యాంటెన్నా తయారవుతుంది, ఎస్11లో ఏ తేడా కనిపించదు, సిగ్నల్ మాత్రం రాదు. లేఅవుట్‌ని కాగితం మీద అసలు సైజులో ప్రింట్ చేసి, రెండు కాగితాలు వీపులు కలిపి పట్టుకుని, పిన్నుల దగ్గర సూదితో గుచ్చి చూడండి. ఇప్పటికీ నేను ప్రతి బోర్డుకీ ఇలాగే చేస్తాను.

మెట్టు 7: సిమ్యులేషన్, తయారీ

ఉచితంగా కావాలంటే ఓపెన్ఈఎంఎస్ ఉంది. డివైడర్ వరకు క్యూక్స్-ఎస్ చాలు. ప్యాచ్, పిన్నులు, గ్రౌండ్ కలిపి ఒక మోడల్, డివైడర్ ఒక మోడల్, చివరికి రెండూ కలిపి ఒక మోడల్. ప్యాచ్ మీద సోల్డర్ మాస్క్ వద్దని ఫ్యాబ్‌కి చెప్పండి. దాని మందం, స్థిరాంకం మన చేతిలో ఉండవు. ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఇంట్లో ఎచింగ్ చేస్తే అంచు కిందకి ద్రావణం తినేస్తుంది, ముందుగా ఒక ముక్క మీద ఎంత తింటుందో మైక్రోమీటర్‌తో కొలుచుకోండి.

రెండు బోర్డుల గ్రౌండ్‌లు మధ్యలో గాలి లేకుండా కలవాలి. చుట్టూ అంచు వెంబడి రాగి టేపు చుట్టి టంకం వేయండి.

మెట్టు 8: విడివిడిగా కొలవండి

ఇక్కడ తొందరపడొద్దు. రెండు ఫీడ్‌లకీ 90 డిగ్రీల తేడా ఉన్న యాంటెన్నాలో ప్యాచ్ నుంచి వెనక్కి వచ్చే శక్తి, అదనపు గీతలో పోతూ 90, వస్తూ 90, మొత్తం 180 డిగ్రీల తేడాతో డివైడర్‌కి చేరుతుంది. ఒకదానికొకటి వ్యతిరేకం. ఆ తేడా మొత్తాన్నీ 100 ఓమ్ రెసిస్టర్ తినేస్తుంది, ప్రవేశానికి ఏమీ తిరిగి రాదు. అందుకే ప్యాచ్ ఎంత పక్కకు జరిగినా ఎస్11 చక్కగానే కనిపిస్తుంది. ఆర్వో4003సీ బోర్డులో ప్యాచ్ 60 మెగాహెర్ట్జ్ జరిగితే, ప్రసారం లెక్కలో చెప్పాలంటే పంపిన శక్తిలో దాదాపు 70 శాతం ఆ రెసిస్టర్ పాలే.

కాబట్టి మూడు చిన్న బోర్డులు చేయించండి. ఖర్చు పెద్దగా పెరగదు, ఒకే ప్యానెల్‌లో పడతాయి.

మొదటిది ప్యాచ్ ఒక్కటే, రెండు పిన్నులకీ నేరుగా కింద ఎస్ఎంఏ కనెక్టర్లు (రేడియో కేబుల్ బిగించే చిన్న మర కనెక్టర్లు). 3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే నానోవీఎన్ఏ వీ2 సరిపోతుంది. కేబుల్ చివరన షార్ట్, ఓపెన్, లోడ్ పెట్టి క్యాలిబ్రేట్ చేశాక కొలవండి. రెండు పిన్నుల లోయలూ ఒకే చోట, 2492 దగ్గర ఉండాలి. ఒకటి 2480లో, ఇంకోటి 2500లో ఉంటే ప్యాచ్ చదరంగా లేదన్నమాట. పిన్నుకీ పిన్నుకీ మధ్య ఎస్21 మైనస్ 20 డీబీ కంటే కిందే ఉండాలి. లోయ తక్కువ ఫ్రీక్వెన్సీలో ఉంటే అంచులు గీకి సరిచేయొచ్చు, ఎక్కువలో ఉంటే మళ్లీ చేయించుకోవాల్సిందే. అందుకే మొదటి బోర్డుని 0.2 మిల్లీమీటర్లు పెద్దదిగానే గీస్తాను.

రెండోది డివైడర్ ఒక్కటే, మూడు కనెక్టర్లతో. కొలవని చివరకి 50 ఓమ్ లోడ్ తప్పనిసరి. ఒక్కో చివరకి మైనస్ 3.3 నుంచి 3.5 డీబీ వస్తే మంచిది (ఆదర్శ విలువ 3.01, మిగతాది ఎఫ్ఆర్‌4 నష్టం, అదనపు గీత ఉన్న వైపు కాస్త ఎక్కువే). రెండు చివరల మధ్య ఐసొలేషన్ (ఒక చివర సిగ్నల్ రెండో చివరకి ఎంత అందకుండా ఉందో చెప్పే కొలత) 20 డీబీ దాటాలి, ఫేజ్ తేడా 90కి 5 డిగ్రీల లోపు ఉండాలి. ఐసొలేషన్ 6 డీబీ దగ్గరే ఆగిపోతే రెసిస్టర్ టంకం అంటుకోలేదేమో చూడండి.

ఈ రెండూ సరిగ్గా వచ్చాకే మూడోది, పూర్తి యాంటెన్నా.

మెట్టు 9: పోలరైజేషన్, డాబా

మీటర్ దూరంలో ఒక మామూలు డైపోల్‌తో 2492 దగ్గర సిగ్నల్ పంపుతూ, డైపోల్‌ని, దాని నుంచి మన యాంటెన్నాకి వెళ్లే గీత చుట్టూ నెమ్మదిగా గడియారం ముల్లులా తిప్పండి. వచ్చే సిగ్నల్‌లో గరిష్ఠానికీ కనిష్ఠానికీ తేడా ఎంతో అదే యాక్సియల్ రేషియో. చుట్టూ గోడలు లేని చోట చేయండి. కుడి ఎడమల తేడా మాత్రం దీనితో తెలియదు. దానికి కుడిచేతి వాటం స్క్రూలా చుట్టిన హెలిక్స్ యాంటెన్నా ఒకటి చేసుకుని పెట్టుకోండి, అది రైట్ హ్యాండ్ సిగ్నలే పంపుతుంది.

డాబా మీదికి వెళ్లేటప్పుడు తక్కువ నాయిస్ యాంప్లిఫయర్‌ని డివైడర్ ప్రవేశం పక్కనే పెట్టండి. యాంప్లిఫయర్‌కి ముందు పోయే ప్రతి డీబీ నాయిస్ ఫిగర్‌లో (రిసీవర్ తనవైపు నుంచి ఎంత నాయిస్ కలుపుతుందో చెప్పే అంకె) నేరుగా కలుస్తుంది, తర్వాత పోయేది దాదాపు పట్టించుకోనక్కర్లేదు. ఇంకో చిక్కు పక్కింటి వైఫై. వైఫై వాడే బ్యాండ్ 2483.5 మెగాహెర్ట్జ్ దగ్గర ముగుస్తుంది, నావిక్ ఎస్ బ్యాండ్ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. జేబులో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి, మామూలుగా ఒకసారి సిగ్నల్ స్థాయి రాసుకోండి. రెండిటికీ తేడా ఎక్కువగా ఉంటే యాంప్లిఫయర్ ముందు ఒక సా (ఎస్ఏడబ్ల్యూ) ఫిల్టర్, అంటే కావలసిన బ్యాండ్‌ని మాత్రమే లోపలికి వదిలే చిన్న భాగం, పెట్టాల్సి ఉంటుంది. దాని నష్టం ఎన్ని డీబీలో చూసి, ఆ మేరకు మంచి బోర్డు మీద సంపాదించుకున్నది ఎంత పోతుందో లెక్కవేసి అప్పుడు కొనండి.